భుజంమీద గీత

పోయినవారం లైస్బెత్‌ను హోర్న్ పట్నం నుంచి ఊరికి వచ్చే బస్సులో వదిలిపెట్టాం. ఒళ్ళో గోనెపట్టా చుట్టిన, బిస్కత్తు బొమ్మలు అచ్చువేసే చెక్కపలక, కళ్ళలో నిప్పులు. వాళ్ళ బేకరీ తగలబడిన రాత్రి ఆ పలక కూడా బూడిదైందని ఊస్టర్‌కోగ్ ఊరు ఊరంతా నమ్మింది. తీరా చూస్తే అది హోర్న్‌లో పాతసామాన్ల కొట్టు గోడకు చక్కగా వేలాడుతోంది. ఎవరమ్మారని అడిగితే కొట్టువాడు దాచలేదు. పిండిబస్తాల బండి తోలుకొచ్చే హార్మెన్ అమ్మాడు, మీ బేకరీ కాలకముందే అమ్మాడు అన్నాడు. పండగ కదా, నాలుగురోజులు పట్టుకెళ్ళు, నాకూ ఒక బొమ్మ చేసిపెట్టు అని పలక అరువిచ్చాడు.

హార్మెన్ ఎవరో పరాయివాడైతే ఇంత కథ లేదు. లైస్బెత్‌కు సొంత బాబాయి. ఆ రాత్రి మంటల్లోకి అందరికంటే ముందు ఉరికినవాడు. బయటికొచ్చి ఊరి ముందు వలవలా ఏడ్చినవాడు. లైస్బెత్ తండ్రి, తన అన్న గెరిట్ తాగి పొయ్యి పక్కన పడి నిద్రపోయాడనీ, తాతల నాటి పలక గోడమీద తన కళ్ళముందే భగ్గుమందనీ చెప్పినవాడు. పలక కోసం ఏడ్చిన మనిషి అన్నమీద అబద్ధం ఎందుకు చెబుతాడని ఊరు నమ్మింది. నేను చుక్క ముట్టలేదని గెరిట్ ఎంత మొత్తుకున్నా వినేవాడు లేకపోయాడు. మంటల్లో చావని మనిషి, రెండో చలికాలానికి ఊరి నోళ్ళలో పడి చచ్చాడు.

ఇప్పుడు బేకరీ మళ్ళీ లేచింది. చలికాలంలో ఇంటింటికీ కానుకలు తెచ్చే సాధువు సింటర్‌క్లాస్ పండగ సాయంత్రం, కానుకలయ్యాక దాని తాళంచెవి హార్మెన్ చేతిలో పెడతానని నానమ్మ ఆఫ్రా మాట ఇచ్చింది. ఆ సాయంత్రం రానే వచ్చింది.

*

కట్టమీంచి వీచే ఉత్తరగాలికి కిటికీలు పళ్ళు కొరుకుతున్నాయి. లోపల బొగ్గుపొయ్యి ఎర్రగా మండుతోంది. సోంపు వేసి కాచిన పాల వాసన ఇల్లంతా పట్టింది. బల్లమీద ఎవరి పళ్ళెం దగ్గర వాళ్ళ పేరులోని మొదటి అక్షరం చాక్లెట్‌తో పోసి పెట్టి ఉంది. నానమ్మ కాఫీ సాసరు పక్కనే ఇత్తడి తాళంచెవి. ఆ తాళంచెవిని చూడకుండా చూస్తున్నవాడు హార్మెన్. హార్మెన్‌ను చూడకుండా చూస్తున్నది లైస్బెత్.

ఉన్నది ఆరుగురే. చూపు దాదాపు పోయిన నానమ్మ. హార్మెన్, అతని భార్య ట్రీన్, వాళ్ళ కొడుకు సీమన్. లైస్బెత్, ఆమె తల్లి నేల్. నేల్ మాత్రం కూర్చోవడం లేదు. కాఫీ అంటూ పాలంటూ వంటింటికీ గదికీ తిరుగుతూనే ఉంది. పెనిమిటి పోయాక అమ్మకు ఏ పండగకీ కుదురు లేదని లైస్బెత్ మనసు చివుక్కుమంది. ఆ మంటల్లో గెరిట్ పరువుతోపాటు అమ్మ పోగొట్టుకున్నది ఇంకొకటుంది. పెళ్ళయిన ఏడు గెరిట్ కొనిపెట్టిన నీలిగళ్ళ ఏప్రన్. దాని మూలన ఎర్రదారంతో తనే ఒక పిచ్చుకను కుట్టుకుంది. కొట్లో కొక్కేనికి తగిలించాను, కాలిపోయింది అని చెప్పుకుని ఇప్పటికీ ఏడుస్తుంది.

తలుపుమీద దబదబా గుద్దులు పడ్డాయి. పక్కింటాయన ఏటా చేసే పనే ఇది. గుమ్మంలో గోనెసంచి వదిలి, తలుపు సందులోంచి గుప్పెడు మసాలా బిస్కత్తులు విసిరి పరుగెత్తుతాడు. గింజల్లా చిన్నచిన్న బిస్కత్తులు నేలంతా దొర్లాయి. సీమన్ సంచి ఈడ్చుకొచ్చాడు. అతనిది కల్లాకపటం లేని మనసు, అడిగిందల్లా చెప్పేసే నోరు.

ఎవరు ఎవరికి కానుకివ్వాలో తేల్చడానికి తాత టోపీలో చీటీలు వేసి తీసినప్పుడు హార్మెన్ పేరు వచ్చింది ఈ సీమన్‌కే. నీ సాక్సులు శీతాకాలమంతా నేనే కుడతానని ఆశపెట్టి లైస్బెత్ ఆ చీటీ మార్పించుకుంది. ఎవరికి ఎవరు ఇచ్చారో ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. ఇచ్చేది సింట్, అంటే సింటర్‌క్లాస్, ఒక్కడే. కానుకకు ఏదో ఒక వేషం కట్టాలి, అది తీసుకునేవాణ్ణి వెక్కిరించాలి. జతగా పద్యం రాయాలి. ఆ పద్యాన్ని తీసుకునేవాడే గొంతెత్తి చదవాలి. ఎంత మండినా నవ్వాలి. చివర అందరికీ వినబడేలా "మేలు చేశావు, సింటర్‌క్లాస్" అనాలి. కోపం తెచ్చుకున్నవాడి పరువు వచ్చే పండగదాకా ఊరి నోట్లో నానుతుంది.

పగ తీర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లోకంలో లేదని లైస్బెత్‌కు హోర్న్ బస్సులోనే తట్టింది.

మొదటి పొట్లాలు చిన్నవి. ట్రీన్‌కు అట్టతో చేసిన పెద్ద నాలుక వచ్చింది, దాని కింద చేతితొడుగులు. సీమన్‌కు చిల్లుపడ్డ సాక్సు ఆకారంలో దిండు. నవ్వులు, మేలు చేశావులు అయ్యాయి. అప్పుడు సీమన్ రెండు చేతులతో ఒక పెట్టె ఎత్తి తండ్రి ముందు పెట్టాడు.

కాగితం విప్పగానే గది నిశ్శబ్దమైంది. అది వాళ్ళ పాత బేకరీ. అట్టతో, కాగితపు గుజ్జుతో చేసింది. ఆకుపచ్చ తలుపు, వంకర పొగగొట్టం, కిటికీలో బల్ల కూడా ఉన్నాయి. గోడలకు మసి పూసి ఉంది.

"ఏముందిరా? ఎవరూ మాట్లాడరేం?" అంది నానమ్మ.

"మన పాత కొట్టు బొమ్మ, నానమ్మా. కాలినట్టు చేశారు," అన్నాడు సీమన్.

"సింట్‌కి ఈ ఏడు ఎత్తిపొడుపు ఎక్కువైంది," అని ట్రీన్ పెదవి విరిచింది. హార్మెన్ మాత్రం నవ్వాడు. నవ్వడం అతనికి తెలిసినంత బాగా పిండి తూచడం కూడా తెలియదు. కళ్ళజోడు పెట్టుకుని పద్యం అందుకున్నాడు.

"పిండి బస్తాలు మోసే హార్మెన్ పెద్దమనిషి,
మండే మంటల్లోకి ఉరికిన గుండెగల మనిషి.
గోడమీద పలక బూడిదైందని చెప్పినవాడు..."

అక్కడ అతని గొంతు చిన్న రాయికి తగిలిన బండిచక్రంలా ఆగింది. కళ్ళు కింది పంక్తిమీదికి వెళ్ళి, దాన్ని దాటి, ఇంకా కిందికి వెళ్ళాయి.

"కప్పు ఎత్తి చూడు, పొయ్యి తలుపు నెట్టు,
లోపలున్నవాణ్ణి అందరి ముందు పెట్టు."

చదివేసి కాగితం మడవబోయాడు. లైస్బెత్ ముందుకు వంగింది. మడిచి పొయ్యిలో పడేస్తే ఇక అడిగేవారు లేరు.

"ఆగరా," అంది నానమ్మ. "ఒక పంక్తి మింగావు."

"లేదమ్మా."

"వాడు అని ఆగావు. దానికి జత ఏదీ? కళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదు. సింట్ రాసింది మింగే అధికారం మీ నాన్నకే లేదు. మళ్ళీ చదువు."

సీమన్ ఫక్కున నవ్వాడు. నవ్వక తప్పక హార్మెన్ కూడా నవ్వాడు. కాగితం మళ్ళీ విప్పి, ఈసారి నములుతున్నట్టు చదివాడు.

"గోడమీద పలక బూడిదైందని చెప్పినవాడు,
బూడిదకే కాళ్ళొచ్చి నీ గడప తొక్కింది చూడు."

గుమ్మం దగ్గర చెంచా ఒకటి నేలమీద పడింది. నేల్ వంగి తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాన్న గుర్తొచ్చి ఉంటాడు, కాసేపు ఓర్చుకో అమ్మా, అంతా నీకోసమే అనుకుంది లైస్బెత్.

హార్మెన్ అట్ట కప్పు ఎత్తాడు. లోపల పొయ్యి, దానికి రేకు తలుపు. అందులో చెయ్యి పెట్టాలంటే ముందు బెల్లంపాకంలో కలిపిన మసిలోంచి వెళ్ళాలి. ఆ ఏర్పాటు లైస్బెత్ ఎంతో ప్రేమగా చేసింది. మోచేతిదాకా నల్లగా చేసుకుని, అతను కాగితం చుట్టిన మనిషిబొమ్మను బయటికి లాగాడు. స్పెకులాస్ అనే మసాలా బిస్కత్తుతో చేసిన మనిషి. దాల్చినచెక్క, లవంగం, జాజికాయ వాసన గుప్పున లేచింది. ఎత్తు టోపీ, మెలితిరిగిన గడ్డం, చేతికర్ర ఉన్నాయి. ముత్తాత బేరిపండు చెట్టు చెక్కలో చెక్కిన మనిషే. ఎడమ భుజంమీంచి మెడదాకా దారం పోసినట్టు సన్నని గీత లేచి ఉంది.

ఆ గీతకు ఊళ్ళో పేరుంది. ఆఫ్రా గీత అంటారు. ఆమె కొత్తకోడలిగా వచ్చిన ఏడు పలక చేజారి బండమీద పడి పగిలింది. మామగారు తిట్టకుండా వెనక ఇత్తడి బద్ద వేయించాడు. పగులు మాత్రం నిలిచిపోయింది. అప్పటినుంచి ఆ పలకమీద దిగిన ప్రతి బొమ్మకూ భుజంమీద ఆ గీత ఉంటుంది. పిల్లలు బొమ్మను అక్కడే పుటుక్కున విరిచి తినేవాళ్ళు. వేరే పలకకు ఆ గీత రాదు. బూడిదకైతే అసలే రాదు.

హార్మెన్ ఆ గీతను చూశాడు. ఒక్క క్షణం అతని ముఖంలో రక్తం లేదు. లైస్బెత్ ఈ నాలుగురోజులూ ఆ క్షణం కోసమే బతికింది. ఆబగా చూసింది.

కానీ హార్మెన్ హార్మెనే. "అబ్బ, ఏం వాసనో! సింట్ నా ఆకలి కనిపెట్టాడు," అంటూనే బొమ్మ భుజాన్ని తలతో సహా విరిచి నోట్లో కుక్కుకున్నాడు. దవడలు రెండూ ఉబ్బాయి.

"నాన్నా, అందరికీ చూపించమన్నాడు కదా సింట్," అన్నాడు సీమన్.

"కాళ్ళు మీకే," అని మిగిలిన ముక్క బల్లమీద పెట్టాడు. మింగాడు. పైన వేడిపాలు తాగాడు. తర్వాత నల్లటి చేత్తో మూతి తుడుచుకుని, గది నలుమూలలా వినబడేలా అన్నాడు. "మేలు చేశావు, సింటర్‌క్లాస్."

అంటున్నప్పుడు అతని చూపు తిన్నగా లైస్బెత్‌మీద ఉంది. సాక్ష్యం ఏదమ్మాయ్ అని అడుగుతున్న చూపు.

లైస్బెత్ తలదించుకుంది. ఓడిపోయి కాదు, పెదవులమీదికి పాకుతున్న నవ్వు కనపడకుండా. బాబాయి పళ్ళ సంగతి ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు. అందుకే ఆ పలకమీద ఒక్క బొమ్మతో ఆగలేదు.

"నానమ్మకి," అని సీమన్ సంచిలోంచి పల్చటి పొట్లం తీశాడు. "దీనికి వేషమేం లేదు. పద్యం కూడా లేదు."

హార్మెన్ గ్లాసు పట్టుకున్న చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది.

నానమ్మ కాగితం చించలేదు. ఏ ఏడూ చించదు. అంచులు గోటితో విప్పి, నాలుగు మడతలు పెట్టి పక్కన పెట్టింది. తర్వాత లోపలి బొమ్మమీద వేళ్ళు పెట్టింది. టోపీ తడిమింది. గడ్డం తడిమింది. ముసలి వేళ్ళు నింపాదిగా దిగి భుజం దగ్గరికొచ్చాయి. ఆగాయి. వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చి, ఆ గీత పొడవునా మెడదాకా ఎక్కాయి.

పొయ్యిలో బొగ్గు ఒకటి చిట్లింది.

"నేల్, దీపం ఇటు తే," అంది నానమ్మ.

నేల్ వంటింటి గుమ్మంలో కాఫీపాత్ర పట్టుకుని నిలబడి ఉంది. కదల్లేదు. ట్రీనే లేచి దీపం తెచ్చింది. "దీపమెందుకు అత్తయ్యా, నీకు..."

"నాకు కాదు. వాడి దగ్గర పెట్టు. వాడి మొహం మీకు కనపడాలి."

ట్రీన్ దీపాన్ని మొగుడి ముందు పెట్టింది. దీపం వెలుగు హార్మెన్ ముఖాన పడింది. గడ్డానికి ఇంకా బిస్కత్తు పొడి అంటుకుని ఉంది.

"ఇంత వయసొచ్చింది, ఏ కానుక ఎవరిదని ఏనాడూ అడగలేదు," అంది నానమ్మ. "ఇప్పుడూ అడగను. ఇచ్చింది సింటే అనుకుందాం. నా పలక సింట్ దగ్గరుంది. నీ కళ్ళముందు కాలిపోయిన పలక. ఏరా?"

"కాలిందనుకున్నానమ్మా," అన్నాడు హార్మెన్ మెల్లగా. "ఆ పొగలో ఏం కనపడుతుంది?"

"పలక కనపడలేదు. మీ అన్న చేతిలో సీసా మాత్రం కనపడింది?"

సీమన్ తండ్రి వంక, నానమ్మ వంక మార్చిమార్చి చూశాడు. అతని ముఖంలో నవ్వు ఎండిపోయింది. నానమ్మ చెయ్యి బల్లమీద తడుముకుంటూ పోయి తాళంచెవిని అందుకుంది. తీసి తన ఒళ్ళో వేసుకుని, పైన బొమ్మను పెట్టుకుంది, పసిబిడ్డను పెట్టుకున్నట్టు.

లైస్బెత్‌కు లేచి కేకవేయాలనిపించింది. నాన్నా, విన్నావా అని. ఊరంతా కలిసి నాన్నమీద వేసిన తాగుబోతు ముద్ర, ఒక ముసలిదాని చూపుడువేలు తుడిచేసింది. లేచి నిలబడి బాబాయి పారిపోతాడని ఎదురుచూసింది. కోపం తెచ్చుకుంటాడని ఇంకా ఆశగా ఎదురుచూసింది. అది కూడా కావాలి ఆమెకు. కుర్చీ తన్నేసి, తలుపు బాదేసి పోవాలి. ఆ చప్పుడు ఊరంతా వినాలి.

హార్మెన్ లేవలేదు. జేబురుమాలు తీసి చేతికున్న పాకం ఒక్కో వేలే తుడుచుకున్నాడు. బొటనవేలు అయ్యాక తల ఎత్తాడు.

"సీమన్, సంచిలో ఇంకొకటి ఉండాలే. పండగ సగంలో ఆపకూడదు. అమ్మ చెప్పాల్సింది చెప్పింది, నేను నవ్వుతూ విన్నాను. ఇక మిగిలినవాళ్ళ వంతు కూడా కానీ."

సీమన్ సంచి అడుగున చెయ్యి పెట్టాడు. బుట్టంత పొట్లం బయటికొచ్చింది. దానిమీద పేరు చూసి తెల్లబోయాడు. "లైస్బెత్, నీకే."

"చీటీలు మార్చుకోవడం నీకొక్కదానికే తెలుసనుకున్నావా అమ్మాయ్," అన్నాడు హార్మెన్. "నా కొడుకును సాక్సులతో కొన్నదానివి, వాడి నోరు కూడా కుట్టేయాల్సింది. హోర్న్ బస్సు దిగుతూ నువ్వు గోనెపట్టా మోసుకెళ్ళడం కూడా వాడే చూశాడు."

సీమన్ చెవులు ఎర్రబడ్డాయి. లైస్బెత్ కాగితం విప్పింది. అట్టతో చేసిన పెద్ద ముక్కు. చివర ఎర్రరంగు, రెండు గుహల్లాంటి రంధ్రాలు. ట్రీన్‌కు తెలియకుండానే నవ్వొచ్చి, మళ్ళీ ఆగిపోయింది. ముక్కుకు పద్యం గుచ్చి ఉంది. రెండే పంక్తులు. నియమం నియమమే. లైస్బెత్ గొంతెత్తి చదివింది.

"ఊరంతా వాసన పట్టే ముక్కున్న పిల్లా,
సొంతింటి వాసన ఇన్నాళ్ళూ తెలియలేదే, ఎల్లా?"

"చెయ్యి పెట్టు," అన్నాడు హార్మెన్. "నేను మోచేతిదాకా పెట్టాను కదా."

ఆమె ముక్కు రంధ్రంలో చెయ్యి పెట్టింది. పాకం లేదు, మసి లేదు. మెత్తగా గుడ్డ తగిలింది. లాగితే మడతలు మడతలుగా వచ్చింది. ముందు వాసన తెలిసింది. లవంగం, జాజికాయ, పాతపిండి. ఆ పలకకు పట్టిన వాసనే. తర్వాత దీపం వెలుగులో నీలిగళ్ళు తెలిశాయి. చివరికి మూలన ఎర్రదారం పిచ్చుక కనబడింది.

కాలిపోయిందని అమ్మ ఇప్పటికీ ఏడ్చే ఏప్రన్, ఎక్కడా కాలిన మచ్చ లేదు.

"పలక అమ్మింది నేనే," అన్నాడు హార్మెన్. గొంతులో గెలుపు కూడా లేదు, ఉన్న సంగతి చెబుతున్నట్టుంది. "దొంగిలించలేదు. నా గుమ్మంలోకి తెచ్చి పెట్టారు, ఇదే గుడ్డలో చుట్టి. మంటలకు ముందే. తెచ్చినవాళ్ళ పేరు చెప్పనని మాటిచ్చాను. ఇవాళ్టికీ చెప్పలేదు, చూడు."

నానమ్మ తల తిప్పింది. కనపడని కళ్ళు వంటింటి గుమ్మం వైపు తిరిగాయి. "ఏం గుడ్డ అది? ఎవరైనా చెప్పండి."

లైస్బెత్ తల్లి వైపు చూసింది. నేల్ చేతిలో కాఫీపాత్ర వాలిపోయింది. దాని మూతిలోంచి కాఫీ సన్నటి ధారగా ఆమె చెప్పుమీద పడుతోంది. వేడి కాఫీ. కాలు వెనక్కి తీసుకోలేదు.

"అనాలి లైస్బెత్," అన్నాడు హార్మెన్. "అందరం అన్నాం. సింట్‌కి చెప్పాల్సింది చెప్పు."

లైస్బెత్ నోరు తెరిచింది. బాబాయి కోసం నూరిన కత్తి అమ్మ వైపు తిరిగిందని తెలిసింది గానీ, వదిలేయడానికి చెయ్యి రావడం లేదు. పిచ్చుకమీద పిడికిలి బిగుసుకుపోయింది.

నేల్ కాఫీపాత్రను బల్లమీద పెట్టింది. నడిచి వచ్చి కూతురి పిడికిలి విప్పి ఏప్రన్ తీసుకుంది. దాన్ని దులిపి, నడుముకు చుట్టుకుని, వెనక ముడివేసుకుంది. తర్వాత ఆ సాయంత్రం మొదటిసారిగా కుర్చీ లాక్కుని అత్తగారి ఎదురుగా కూర్చుంది.

"మేలు చేశావు, సింటర్‌క్లాస్," అంది నేల్.